తెల్లటి గుటక

పొడిలో నీళ్ళు పొయ్యకూడదు, నీళ్ళలో పొడి వెయ్యాలి.
మొదటి వారం నాకు అబ్బింది ఇదొక్కటే.
తిరగేస్తే ఉండలు కడుతుంది,
ఆ ఉండలు ఫిల్ములో గడ్డల్లా కనబడతాయి,
లేని జబ్బు నువ్వే కలిపిచ్చినట్టవుతుందని
పరంజ్యోతి మేడం నా చేతిలో గరిటె లాక్కుంది.

గుంటూరు పెద్దాసుపత్రి, పాత బ్లాకు చివర
ఎర్ర బల్బు వెలిగే గది.
సీసపు ఏప్రాను తొడిగితే
సాయంత్రానికి భుజాలు రెండూ గుంటలు పడతాయి.

ఎముకలు వాగుడుకాయలు,
అడక్కుండానే ఫిల్ము మీదికొచ్చి కూచుంటాయి.
గొంతూ, పేగులూ, మూత్రనాళాలూ అలా కాదు
లోపలే ఉండి పిలిస్తే పలకని మనుషులు.
వాళ్ళ మధ్యకి ఒక తెల్లదనాన్ని పంపించి
అదెక్కడ ఒంగిందో, ఎక్కడ నిలబడిపోయిందో చూసి
మనమే పోల్చుకోవాలి.

నోట్సులో రాసుకున్నాను:
కిడ్నీలకైతే చేతి నరంలో అయోడిన్ మందు.
ఐదో నిమిషం ఒకటి, పదిహేనో నిమిషం ఒకటి,
ఒంటేలుకి పోయొచ్చాక చివరిది.
ఎక్కించేముందు అడుగు: ఏ మందైనా పడలేదా, ఆయాసముందా,
షుగరుకి ఏ బిళ్ళ వేసుకుంటారు.
ట్రేలో అడ్రినలిన్ ఉందో లేదో నీ కళ్ళతో చూసుకో,
ఉందని ఎవరన్నా అంటే నమ్మకు.

నోట్సులో లేనిది, మేడం పెట్టిన రూలు ఒకటుంది:
నువ్వు మింగనిది ఇంకొకళ్ళకి తాగించొద్దు.
బ్యాచీలో అందరూ ముక్కు మూసుకుని తాగారు.
నాకు రోజా.
మేడం నా గ్లాసు మీద మూత పెట్టి
పలాస్త్రీ ముక్క మీద రాసి అంటించింది: మస్తానీ, సాయంత్రం.

ఆ పొద్దున వచ్చాడు అంకారావు,
మిర్చి యార్డులో టిక్కీలు మోసే ముఠా మనిషి.
మా అమ్మ తొడిమలు తీసొచ్చిన రోజు
చీరలో ఉండే ఘాటే అతని చొక్కాలో.
రాత్రి నుంచీ ఏం తినలేదుగా, అన్నాను, అడగాలి కాబట్టి.
రెండు నెల్ల నుంచీ తినలేదమ్మా, అన్నాడు.
ముద్ద దిగట్లా.

ఇద్దరం పరగడుపునే ఉన్నాం,
నాది పొద్దుగూకితే తీరేది.

నోట్లో పెట్టుకో పెద్దాయనా, చెప్పేదాకా మింగమాక.
ఊఁ, ఇప్పుడు.
తెర మీద తెల్లటి చార
గొంతు దాటింది, గూడ దాటింది,
రొమ్ము నడిమధ్యన ఆగింది.
పైన సంచిలా ఉబ్బింది. కింద దారం పట్టేంత సందు,
దాని అంచులు ఎలుక కొరికిన కాగితంలా.
డాక్టరు గారు ఇంకో గుటక అడిగారు,
పక్కకి తిప్పించి ఇంకోటి.
మేడం నా వంక చూళ్ళేదు.
అంటే నేను చూసింది నిజమే.

దిగిందా అమ్మా?
మీసానికి తెల్లగా అంటుకుని, అచ్చం మజ్జిగ తాగిన పిల్లాడు.
రిపోర్టు రాయడం నా పని కాదు.
కుడీ ఎడమా తప్పకుండా గుర్తు పెట్టడం,
ఊపిరి బిగబట్టించడం, వదలమనడం,
అంతవరకే నాకు నోరు.
టిష్యూ ఇచ్చి, నేర్పిన మాట అప్పజెప్పాను:
నీళ్ళు బాగా తాగు. రెండ్రోజులు తెల్లగా పోద్ది, బెదరొద్దు.

నలభయ్యేళ్ళు ఎర్రటి కాయ మోశాను,
ఇప్పుడు తెల్లగా పోద్దా, అని నవ్వాడు.
ఆ నవ్వులోనే దగ్గు, ఆ దగ్గులో కొంచెం బేరియం.
నీళ్ళు బాగా తాగమని చెప్పానని
అతను తలుపు దాటాక గుర్తొచ్చింది, ఎవరికి చెప్పానో.

ఆనందపేట వైపు నుంచి అజాన్ వినబడింది.
ఖర్జూరం, రెండు గుక్కల నీళ్ళు,
తర్వాత నా పేరున్న గ్లాసు.
అడుగున పేరుకున్న పొడిని మళ్ళీ కలిపాను.
తడి సుద్ద, పైపైన ఏదో స్ట్రాబెర్రీ వాసన,
నాలిక మీద బరువు.
గొంతు దాటింది, గూడ దాటింది.
ఆ చోటు దగ్గర, ఏమీ లేని చోట,
చెయ్యి పెట్టుకుని కాసేపు నిలబడ్డాను.

రేపు ముగ్గురున్నారు.
పొడి తూచిపెట్టి వెళ్ళాలి.